వదిలేస్తే దయ అవుతుందా?

“తినేదానికి కాకపోతే ఆ చేపను ఏల పట్టినావు రా?”

పోయిన మే నెలలో మా తాత నన్ను అడిగిన ప్రశ్న ఇది. ఆరోజు నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. చెప్పిన దాంట్లో ఒక అబద్ధం కూడా ఉంది. ఈసారి మన పత్రికకు “జీవుల పట్ల దయ” అనే విషయం మీద వ్యాసాలు రాయమని మా తెలుగు అయ్యవారు చెప్పినప్పుడు క్లాసులో కొందరు వీధికుక్కల గురించి, కొందరు పిచ్చుకల గురించి రాస్తామన్నారు. నాకు మాత్రం ఆ చేపే కళ్లముందు కనబడింది. అందుకని తాతకు చెప్పాల్సిన జవాబునే వ్యాసంగా రాస్తున్నాను.

మాది హోసూరు పక్కన పల్లె. మా అమ్మ తమ్ముడు, అంటే మా మామ, ఊటీలో కారు డ్రైవరు. హోసూరులో సాయంత్రం బస్సెక్కితే సేలం, కోయంబత్తూరు, మేట్టుపాళయం మీదుగా తెల్లవారేసరికి చలిలో దిగుతాము. మామ పనిచేసేది ఒక పెద్దాయన దగ్గర. ఆయన టీ ఎస్టేటులో ఉద్యోగం చేసి రిటైరైనవారు. డెబ్బై ఏళ్లు దాటినాయి. ఆయన మాట్లాడేది తమిళం. ఇక్కడ ఆయన మాటలను నేను తెలుగులో రాస్తున్నాను.

పెద్దాయనకు ఒకటే పిచ్చి. ట్రౌట్ చేపను దొంగ ఈగతో పట్టడం. దీన్ని ఇంగ్లీషువాళ్లు ఫ్లై ఫిషింగ్ అంటారు. మా తాత చెరువులో వేసే గాలానికీ దీనికీ చాలా తేడా ఉంది. తాత గాలానికి ఎర్రనో, సంగటి ఉండనో గుచ్చుతాడు. సీసం గుండు బరువుకు గాలం దూరం పోయి పడుతుంది. పెద్దాయన గాలానికి తినే వస్తువే ఉండదు. చిన్న కొక్కేనికి కోడి ఈకలు, దారం చుట్టి పురుగులాగా తయారుచేస్తారు. దానికి బరువు లేదు కాబట్టి విసిరితే పోదు. అందుకే దారాన్నే లావుగా, బరువుగా చేస్తారు. కర్రను వెనక్కీ ముందుకీ ఊపితే ఆ దారం గాల్లో సాగి, చివరన ఉన్న ఈగ నీటి మీద మెల్లగా వాలాలి. ఈగకూ లావు దారానికీ మధ్య కంటికి కనబడనంత సన్నని నైలాన్ దారం ఉంటుంది.

ట్రౌట్ ఎప్పుడూ నీళ్లు వచ్చే దిక్కుకే ముఖం పెట్టి నిలబడుతుంది. రాయి వెనక నీటి వేగం తక్కువ ఉన్నచోట చూసుకుని నిలబడి, కొట్టుకొచ్చే పురుగుల కోసం కాచుకుంటుంది. కాబట్టి మనం దాని వెనకనుంచి, అంటే కింది వైపునుంచి పోవాలి. మన నీడ నీటి మీద పడకూడదు. ఈగ నీటితో సమానంగా కొట్టుకుపోవాలి. కొంచెం ముందుకు లాగినట్టు అనిపించినా చేప దాన్ని ముట్టదు. ఏటిలో ఒక రకం పురుగులు నెలల తరబడి నీటి అడుగున రాళ్లకు అంటుకుని బతికి, రెక్కలొచ్చి పైకి లేచాక ఒకటి రెండు రోజుల్లోనే చచ్చిపోతాయి. రెక్కలొచ్చాక వాటికి తినడానికి పనికొచ్చే నోరు కూడా ఉండదు. అవి లేచే వేళను బట్టి పెద్దాయన ఏ ఈగ కట్టాలో నిర్ణయిస్తారు. చేపను మోసం చేయాలంటే ముందు పురుగును చదవాలి అంటారు ఆయన.

అసలు ఈ చేప మన దేశానిది కాదు. నీలగిరిలో ఉండే రెయిన్‌బో ట్రౌట్ సొంత ఊరు ఉత్తర అమెరికా పడమటి తీరం. ఊటీలో కాపురమున్న ఇంగ్లీషువాళ్లకు తమ దేశంలోలాగ ట్రౌట్ వేట కావాలనిపించింది. 1860లలో ఫ్రాన్సిస్ డే అనే ఆయన ప్రయత్నించాడు కానీ ఫలితం రాలేదు. చివరికి హెచ్.సి. విల్సన్ అనే ఆయన కాలంలో, 1907లో అవలాంచి దగ్గర ట్రౌట్ గుడ్లు పొదిగించే కేంద్రం పెట్టారు. అప్పటినుంచి ఆ చల్లటి ఏళ్లలో ఇవి ఉన్నాయి. నీళ్లు వెచ్చబడితే ట్రౌట్ తట్టుకోలేదు. అందుకే మా చెరువులో బతకదు, ఆ కొండ మీద బతుకుతుంది.

మే నెలలో నేను పోయినప్పుడు ఏటిలో నీళ్లు తక్కువగా, అద్దంలాగా ఉన్నాయి. పెద్దాయన తన పాత కర్ర నాకిచ్చారు. మొదటి రోజంతా నా ఈగ చెట్టుకొమ్మలకు తగిలింది, నా చొక్కాకు రెండుసార్లు తగిలింది, చేపకు మాత్రం తగల్లేదు. రెండో రోజు పొద్దున్న ఒక రాయి వెనక ఈగ వాలిందో లేదో నీళ్లు ఒక్కసారి పగిలినట్టయింది. కర్ర వంగిపోయింది. నా గుండె ఎంత కొట్టుకుందో నాకే తెలుసు. పది నిమిషాలకు చేప నా కాళ్ల దగ్గరికి వచ్చింది. మూరెడు కూడా లేదు. పక్కన గులాబిరంగు చార, ఒళ్లంతా నల్లటి చుక్కలు.

పెద్దాయన నాకు ముందే మూడు మాటలు చెప్పి ఉన్నారు. ఒకటి, చేయి తడుపుకోకుండా చేపను ముట్టకూడదు. పొడి చేయి దాని ఒంటి మీది జిగురును తీసేస్తుంది, ఆ జిగురే దానికి రోగం రాకుండా కాపాడే కవచం. రెండు, వీలైతే నీళ్లలోనుంచి ఎత్తకుండానే కొక్కెం తీయాలి. మూడు, ముఖం నీటికి ఎదురుగా పెట్టి పట్టుకుని, అది తనంతట తాను పోయేదాకా ఓపిక పట్టాలి. ఆయన కొక్కేలకు వెనక్కి తిరిగిన పన్ను ఉండదు. చేప నోరు చినగకూడదని పట్టకారుతో నొక్కేస్తారు.

ఆ సమయానికి పెద్దాయన పైన మలుపు దగ్గర ఉన్నారు. మామ ఫోను తీశాడు. నేను పొడి చేతులతోనే చేపను ఎత్తి పట్టుకున్నాను. మొదటి ఫోటోలో నా కళ్లు మూసుకున్నాయి. రెండోదానిలో చేప కొట్టుకుంది, సరిగ్గా పడలేదు. మూడోసారి ఎండ ఎదురుగా ఉందని తిరిగి నిలబడ్డాను. నాలుగోది బాగా వచ్చింది. అప్పుడు వదిలాను. చేప రెండు సార్లు తోక ఊపి లోతుకు పోయింది. మామ చప్పట్లు కొట్టాడు. నాకు భలే గొప్పగా అనిపించింది. ఒక ప్రాణిని పట్టి కూడా వదిలేశాను కదా అనుకున్నాను.

కాసేపటికి నీళ్లు తాగుదామని కింది మడుగు దగ్గరికి పోయాను. రెండు రాళ్ల మధ్య తెల్లగా ఏదో కనబడింది. చేప కడుపు. పక్కన అదే గులాబిరంగు చార. నేను దాన్ని కట్టెతో కదిలించి చూశాను. కదల్లేదు. ఎవరైనా చూశారా అని చుట్టూ చూశాను. ఎవరూ చూడలేదు. అట్లాగే వదిలేసి వచ్చేశాను.

ఊరికొచ్చాక తాతకు ఫోటో చూపించాను. “పట్టి వదిలేసినా తాతా, ఈదుకుంటా పోయింది” అన్నాను. అదే ఆ అబద్ధం. తాత ఫోటోను చాలాసేపు చూసి, పైన రాసిన ప్రశ్న అడిగాడు. “సరదాకి” అన్నాను. తాత ఇంకేమీ అనలేదు. ఫోను నా చేతికిచ్చి కండువా దులుపుకుని లేచిపోయాడు.

మా తాత దయ గురించి ఎప్పుడూ మాట్లాడడు. ఆయన జిలేబీ చేపలు పడతాడు, ఇంటికి తెస్తాడు, అవ్వ పులుసు పెడుతుంది. కానీ ఆయనకు ఒక కట్టుబాటు ఉంది. తొలివానలకు చెరువులోకి కొత్తనీరు వచ్చినప్పుడు చేపలు గుడ్లతో కాలువలో ఎదురెక్కుతాయి. అప్పుడు చేత్తో కూడా పట్టొచ్చు. ఊరిలో చాలామంది బుట్టలు తీసుకుని పోతారు. తాత పోడు. “కడుపుతో ఉండేదాన్ని పడితే రేపటికి ఏముంటుంది?” అంటాడు. ఈ మాట దయతో అన్నాడా, లెక్కతో అన్నాడా అంటే నేను చెప్పలేను. రెండూ కలిసే ఉంటాయేమో.

తాత ప్రశ్న నన్ను వదల్లేదు. అందుకని నేను మూడు దారులుగా ఆలోచించాను. తినడానికి పట్టడం ఒకటి. పట్టి వదిలేయడం రెండోది. అసలు పట్టకపోవడం మూడోది.

పైకి చూస్తే రెండోది మొదటిదానికంటే మంచిగా కనబడుతుంది. చంపలేదు కదా. కానీ “పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం” అనే సామెత మనవాళ్లు ఊరికే చెప్పలేదు. తాత చేపను పట్టినప్పుడు తాతకు ఒక అవసరం ఉంది. నేను పట్టినప్పుడు నాకు ఆట, చేపకు చావుబతుకులు. చివర్లో వదిలేసినంత మాత్రాన ముందు జరిగిన పది నిమిషాలు లేకుండా పోతాయా?

చేపకు నొప్పి తెలుస్తుందా అని మా సైన్సు టీచరును అడిగాను. 2003లో లిన్ స్నెడన్ అనే శాస్త్రవేత్త, ఆమెతో పనిచేసినవాళ్లు స్కాట్లాండులో రెయిన్‌బో ట్రౌట్ మీదే చేసిన పరిశోధన గురించి ఆమె చెప్పారు. ట్రౌట్ తల భాగంలో నొప్పి కలిగించే వాటిని గుర్తుపట్టే నరాలు ఉన్నాయని వాళ్లు కనుక్కున్నారు. పెదవుల దగ్గర మంటపుట్టే ఆమ్లం ఎక్కిస్తే ఆ చేపలు పెదవులను గులకరాళ్లకు రుద్దుకున్నాయి, తిండికి రావడం ఆలస్యం చేశాయి. ఇంకొందరు శాస్త్రవేత్తలు మాత్రం దీన్ని ఒప్పుకోరు. మనిషి మెదడు పైపొరలాంటిది చేపకు లేదు కాబట్టి మనకు తెలిసినట్టు దానికి నొప్పి తెలియదని వాళ్ల వాదన. టీచరు నన్ను తిరిగి ఒక ప్రశ్న అడిగారు: “తలుపు వెనక మనిషి ఉన్నాడో లేడో తెలియనప్పుడు ఆ తలుపును గట్టిగా తన్నుతావా?” అని. తన్నను అన్నాను.

దేశాల చట్టాలు కూడా ఒకే మాట మీద లేవు. అమెరికాలో, ఇంగ్లండులో కొన్ని ఏళ్లలో పట్టిన ట్రౌట్‌ను వదిలేయాలని నియమం ఉంది. జర్మనీలో, స్విట్జర్లాండులో అయితే తినే ఉద్దేశం లేకుండా, వదిలేయడానికే చేపను పట్టడం తప్పు. ఒకచోట మంచిపని, ఇంకోచోట నేరం. మొదటివాళ్లు ఏటిలోని చేపల సంఖ్యను చూస్తున్నారు, రెండోవాళ్లు ఆ ఒక్క చేపను చూస్తున్నారు అని నాకు అర్థమైంది. ఇద్దరిలో ఎవరినీ తప్పు అనడానికి నాకు నోరు రాలేదు.

మా అవ్వ చెప్పే మత్స్యావతారం కథ కూడా గుర్తొచ్చింది. సత్యవ్రతుడు నదిలో తర్పణం వదులుతుంటే దోసిలిలోకి చిన్న చేపపిల్ల వచ్చింది. ఆయన దాన్ని మళ్లీ నీళ్లలో వదలబోయాడు. “నన్ను వదలకు, పెద్దచేపలు తినేస్తాయి” అని ఆ పిల్ల మొరపెట్టుకుంది. అప్పుడు దాన్ని కమండలంలో పెట్టుకుని కాపాడాడు. చిన్నప్పుడు ఈ కథ విన్నప్పుడు చేప ఎంత పెద్దదయిందో అదే నాకు ఆశ్చర్యం. ఇప్పుడు ఇంకొకటి కనబడింది. వదిలేయడం ఒక్కటే దయ అయితే ఆ రాజు మొదట చేయబోయిందే సరైన పని. వదిలిన తర్వాత ఆ ప్రాణికి ఏమవుతుందో కూడా ఆలోచించినప్పుడే ఆయన దయగలవాడయ్యాడు. నేను వదిలిన తర్వాత ఏమైందో చూశాను, చూసి కూడా చూడనట్టు వచ్చేశాను.

దసరా సెలవులకు మళ్లీ మామ దగ్గరికి పోయాను. జూన్ నుంచి పడిన వానలకు ఏటి ఒడ్డు చాలా చోట్ల కోసుకుపోయి ఉంది. అవలాంచిలో వాన అంటే మామూలు వాన కాదు. 2019 ఆగస్టులో అక్కడ ఒకే రోజులో 800 మిల్లీమీటర్లకు పైగా కురిసింది. అంత వరద వచ్చే చోట కూడా ఈ చేపలు రాళ్ల చాటున ఎట్లా నిలబడతాయో నాకు అర్థం కాదు. వాన తెరిపిచ్చిన ఒక పొద్దున పెద్దాయన కర్ర ఇవ్వబోతే నేను తీసుకోలేదు. మే నెలలో జరిగింది మొత్తం చెప్పేశాను. తిడతారనుకున్నాను.

ఆయన తిట్టలేదు. ఒక బండ మీద కూర్చుని చాలాసేపు దారం చుట్టుకున్నారు. తర్వాత అన్నారు: “నువ్వు ఒకదాన్ని చూశావు. నేను నలభై ఏళ్లుగా వదిలినవాటిలో ఎన్ని ఆ మలుపు దాటాక తేలాయో నేను ఒక్కరోజు కూడా కిందికి పోయి చూడలేదు.”

తర్వాత తన వైపు వాదం కూడా చెప్పారు. వేటకోసం తేకపోతే ఈ చేపలు ఇక్కడ ఉండేవే కావు అన్నారు. ఏటిలో నీళ్లు తగ్గినా, ఒడ్డున ప్లాస్టిక్ పెరిగినా ముందు తెలిసేది గాలం వేసేవాడికే అన్నారు. ఎండాకాలం మధ్యాహ్నం నీళ్లు వెచ్చబడితే, అలిసిన చేప కోలుకోదని తాను కర్ర ముడిచేస్తానన్నారు. అది నిజమే, మేలో కూడా ఆయన పదకొండు గంటలకల్లా ఆపేశారు.

మొదటి మాట నేను ఒప్పుకోలేకపోయాను. ఎవరో ఒక పనికోసం తెచ్చారు కాబట్టి ఆ ప్రాణి ఆ పనికే అంటే ఎట్లా? మన తెలుగువాళ్లు ఈ హోసూరు ప్రాంతంలో ఎన్నో తరాలుగా ఉన్నారు. ముందు వచ్చినవాళ్లను ఎవరు ఏ పనికి పిలిచారో, వాళ్లే బతుకుదెరువుకు వచ్చారో మా తాతకే తెలియదు. దాన్నిబట్టి ఈరోజు మన విలువ ఎవరూ కట్టకూడదు కదా. ట్రౌట్ అయినా అంతే. అది తన గుడ్లు తాను పెట్టుకుంటుంది, తన రాయి వెనక తాను నిలబడుతుంది.

రెండో మాట మాత్రం నన్ను ఇరికించింది. అర్ధసంవత్సరం పరీక్షల సెలవుల్లో, డిసెంబరు చివర, మూడోసారి పోయాను. పొద్దున్న గడ్డి మీద మంచు గడ్డకట్టి తెల్లగా ఉంది. అది ట్రౌట్ గుడ్లు పెట్టే కాలం. ఆ నెలల్లో పెద్దాయన కర్ర ముట్టరు. గుడ్లు పొదిగించే చోట ఆడచేప కడుపును మెత్తగా నిమిరి గుడ్లు పళ్లెంలోకి తీసి, మగచేప పాలు దానిమీద పిండి కలుపుతారని, పారే చల్లటి నీళ్లలో నెలా నెలన్నరకు పిల్లలు బయటికి వస్తాయని ఆయన చెప్పారు. ఏటిలో అయితే ఆడచేప తోకతో గులకరాళ్లు తోసి గుంట చేసుకుంటుంది. దాన్ని చూపిస్తానని ఉత్తచేతులతో నన్ను తీసుకుపోయారు.

ఇద్దరం గట్టున కూర్చున్నాము. ఇక్కడ నేను నిజం రాయాలి. ఇరవై నిమిషాలకే నాకు విసుగొచ్చింది. మే నెలలో కర్ర చేతిలో ఉన్నప్పుడు నాలుగు గంటలు నిలబడినా కాలు నొప్పి తెలియలేదు. అంటే ఏటిని చూడడం నాకు నేర్పింది ఆ కర్రే. రాయి వెనక చేప నిలబడుతుందని, పురుగుకు ఒకటి రెండు రోజుల బతుకేనని, నీళ్లకు వేగాలు వేరువేరుగా ఉంటాయని నేను తెలుసుకున్నది పట్టాలనే ఆశ వల్లే. కానీ ఆ పాఠానికి ఫీజు కట్టింది నేను కాదు, ఆ మే నెల చేప. ఇరవై నిమిషాల తర్వాత కూడా లేవకుండా కూర్చోవడమే ఇక నేను కట్టాల్సిన ఫీజు అనుకున్నాను. కూర్చున్నాను. దాదాపు గంటకు, రాళ్ల మధ్య ఒక చేప పక్కకు ఒరిగి తోకతో కొట్టింది. అడుగునుంచి మట్టి పొగలాగా లేచి నీళ్లలో కలిసిపోయింది. పెద్దాయన నా భుజం తట్టారు, అంతే, ఏమీ మాట్లాడలేదు.

ఇంటికొచ్చాక తాతకు నిజం చెప్పాను. చేప ఈదుకుంటూ పోలేదు, చచ్చిపోయింది అని. తాత అడిగిన మొదటి మాట: “చచ్చినదాన్ని ఏం చేసినావు?”

“అట్లే వదిలేసి వచ్చినా.”

“తెచ్చి తినింటే కొంచెమన్నా బాగుండు” అన్నాడు తాత. కొంచెంసేపటికి మళ్లీ “ఇప్పుడన్నా చెప్తివి” అన్నాడు.

తాత చెప్పినదాంతో నేను పూర్తిగా ఏకీభవించను. ఆ చేపను నేను తినకపోయినా ఎండ్రకాయలో, నీటిపిల్లులో తినే ఉంటాయి. అది వృథా కాలేదు. వృథా అయింది నా “వదిలేశాను” అనే గొప్ప. తినేవాడు తాను చంపానని ఒప్పుకుంటాడు. నేను చంపి, దయగలవాడినని ఫోటో చూపించాను. నా తప్పు గాలం వేయడంకంటే దానిలోనే ఎక్కువ ఉంది.

కాబట్టి తాతా, నీ ప్రశ్నకు నా జవాబు ఇది. ఆ చేపను నేను నా కోసం పట్టాను. నా ఫోటో కోసం వదిలాను. రెండింటిలోనూ చేప లేదు. వదిలేస్తే దయ అవుతుందా అంటే, వదలడానికి ముందూ వెనకా ఆ ప్రాణి గురించి ఆలోచించినవాడికి అవ్వొచ్చు. పెద్దాయనకు కొంత అవుతుంది, ఆరోజు నాకు కాలేదు. తినేవాళ్లను తక్కువగా, వదిలేవాళ్లను ఎక్కువగా ఇక నేను చూడను. నేనైతే తినడానికి తప్ప గాలం వేయకూడదని అనుకున్నాను. పెద్దయ్యాక ఈ మాట మీద నిలబడతానో లేదో ఇప్పుడే చెప్పలేను.

నా ఫోనులో ఆ ఫోటో ఇంకా ఉంది. తీసేద్దామని రెండుమూడుసార్లు అనుకున్నాను. దానిలో నేను నవ్వుతున్నాను, చేప నోరు తెరుచుకుని ఉంది. చూసినవాళ్లు బాగుందంటారు. ఇకమీదట ఎవరైనా బాగుందంటే తర్వాత ఏమైందో కూడా చెప్పాలని ఉంచుకున్నాను.